డంపు పచ్చబడింది సరే, అడవి తిరిగొస్తోందని ఎలా తెలుసుకోవాలి?

హన్మకొండలో ఎమ్మెస్సీ బాటనీ చదువుతున్న ఒకరు అడిగిన ప్రశ్న ఇది. "భూపాలపల్లి వైపు ఒక ఓపెన్‌కాస్టు గని ఓబీ డంపు (ఓవర్‌బర్డెన్, అంటే బొగ్గు కోసం తవ్విన మట్టీ రాయీ పోసిన గుట్ట) మీద ఆరేళ్ల కింద మొక్కలు పెట్టారు. రోడ్డు మీద నుంచి చూస్తే గుట్టంతా పచ్చగా కనిపిస్తోంది. అక్కడ చెట్టూ చేమా ఎంతవరకు తిరిగొచ్చాయో ఏటేటా కొలవడం నా ప్రాజెక్టు. శాటిలైట్ బొమ్మల నుంచి ఎన్‌డీవీఐ (పచ్చదనం కొలిచే అంకె) తీస్తే సరిపోతుందా? డంపు ఎక్కాల్సిందేనా?"

ఎక్కాల్సిందే. శాటిలైట్ బొమ్మ మీరు ఎక్కడికి వెళ్లి చూడాలో చెబుతుంది, అక్కడ ఏముందో చెప్పదు. ఎక్కాక ఒక్క పనికే టైం ఉందనుకోండి, నాటిన చెట్లను పక్కనపెట్టి, ఎవరూ నాటకుండా వాటి కింద మొలిచిన మొక్కలను లెక్కపెట్టండి. అదే చోట, అదే కాలంలో, ప్రతి ఏడూ. నాటిన చెట్టు బతికిందంటే ట్యాంకరుతో నీళ్లు పోసి కాపాడిన మనుషుల కష్టం కనిపిస్తుంది. దాని కింద తానుగా ఒక వేప, ఒక నేరేడు మొలిచి రెండు ఎండాకాలాలు దాటిందంటే ఆ నేలకు మళ్లీ ప్రాణం వస్తోందని అర్థం.

ఇరవై ఏళ్లకు పైగా గోదావరిఖని, మందమర్రి, భూపాలపల్లి చుట్టుపక్కల డంపుల మీద మొక్కల సర్వేలు చేస్తున్నాను. అందులో మొదటి నాలుగైదేళ్లు నేను కూడా పచ్చదనాన్నే కొలిచాను. అందుకే మీ ప్రశ్నకు కాస్త పొడుగ్గా జవాబు రాస్తున్నాను.

ముందు డంపు అంటే ఏమిటో సరిగ్గా పట్టుకోవాలి. బొగ్గు పొర మీద ఉన్న మట్టి, రాయి అంతా పేల్చి, తవ్వి, డంపర్లతో తెచ్చి పోసిందే ఓబీ గుట్ట. మన గోదావరి లోయలో అందులో ఎక్కువ భాగం ఇసుకరాయి. మధ్యమధ్యలో షేలు (పలకలుగా విడిపోయే మెత్తటి రాయి), బంకమట్టి ఉంటాయి. వేల ఏళ్లుగా పైన ఉన్న మట్టి అడుగున పడిపోతుంది, ఎన్నడూ ఎండ చూడని రాయి పైకి వస్తుంది. దానిలో నీళ్లు నిలవవు, విత్తనాలు ఉండవు, వేళ్లతో కలిసి బతికే శిలీంధ్రాలు ఉండవు. మే నెలలో రామగుండం వైపు ఎండ 45 డిగ్రీలు దాటిన రోజు మధ్యాహ్నం డంపు మీద ఒక రాయి చేతిలోకి తీసుకోండి, పట్టుకోలేరు. అలాంటి చోట మూడేళ్లు నీళ్లు పోసి సుబాబులో నీలగిరో బతికించడం చిన్న పనేం కాదు. కాకపోతే ఆ నీళ్లు ఆగిన తర్వాత ఏం జరుగుతుందన్నదే మీ ప్రాజెక్టుకు అసలు ప్రశ్న.

ఒక డంపు గురించి చెప్తాను. ఎనిమిదేళ్ల సుబాబుల్ తోట. పైనుంచి చూస్తే దుప్పటి కప్పినట్టు పచ్చగా ఉంది. లోపలికి వెళ్తే కింద నేలంతా సుబాబుల్ పిల్లలే, అరచేతి వెడల్పుకు ఒకటి చొప్పున. ఇంకో జాతి మొక్క కోసం గంటసేపు వెతికాను. చివరికి బెంచి (డంపు వాలు మీద మెట్టులా వదిలిన చదును) అంచున ఎండిపోయిన నల్లతుమ్మ ఒకటి కనిపించింది. ఆకు లేదు, మోడు కొమ్మలే. దాని కింద కూర్చుని చూస్తే తెల్లటి వేప పిక్కలు గుప్పెడు పడి ఉన్నాయి, పక్కన పిట్టల రెట్టలు. ఆ పిక్కల మధ్య పదకొండు వేప మొలకలు, ఒక రేగు, జానెడు ఎత్తున్న ఒక జువ్వి. గోరింకలు, పిగిలిపిట్టలు వాలడానికి అక్కడ ఉన్న ఎత్తయిన మోడు అదొక్కటే. అంటే విత్తనం వస్తూనే ఉంది, పిట్ట వాలే చోటు ఉంటే చాలు. ఆ తోటకు పదికి తొమ్మిది మార్కులు వేసిన రిపోర్టులో ఆ మోడు చెట్టు చనిపోయిన మొక్కల ఖాతాలో ఉంది.

అప్పటి నుంచి నేను లెక్క మూడు ఖానాల్లో రాస్తున్నాను. నాటినవి ఒకటి. నాటిన జాతికే పుట్టిన పిల్లలు రెండు. బయటి నుంచి వచ్చినవి మూడు. ఈ మూడింటినీ కలిపి "మొక్కల సంఖ్య" అని ఒకటే అంకె రాయకండి. సుబాబుల్ పిల్లలు లక్ష ఉన్నా అది తోటే అవుతుంది, అడవి అవదు. మూడో ఖానాలో జాతులు ఎన్ని, అవి ఏటేటా పెరుగుతున్నాయా, వాటి ఎత్తు పెరుగుతోందా అన్నది చూడండి. అక్కడే మీ జవాబు ఉంటుంది.

ఎప్పుడు వెళ్లాలి? పెత్రమాస నుంచి దీపావళి లోపు ఒకసారి, జూన్‌లో తొలకరి పడకముందు ఇంకోసారి. బతుకమ్మ పూలు ఏరే రోజులే మీకు మంచి సర్వే కాలం. వాన మొక్కలన్నీ పూతలో, కాతలో ఉంటాయి కాబట్టి గుర్తుపట్టడం సులువు, గడ్డి కూడా వెన్ను వేసి ఉంటుంది. అప్పుడు లెక్కపెట్టిన మొలకల్లో జూన్‌కు మిగిలేవి చాలా తక్కువ. అక్టోబరులో చదరపు మీటరుకు ఇరవై వేప మొలకలు చూసి సంబరపడి, జూన్‌లో ఒక్కటీ లేక దిగులుపడ్డ రోజులున్నాయి నాకు. అందుకే ప్రతి మొలకకూ రంగు ప్లాస్టిక్ తీగతో వదులుగా ఒక చుట్టు వేసి, ఏ ఏడు పుట్టిందో రంగుతో గుర్తుపెట్టుకోండి. రెండు ఎండాకాలాలు దాటినవాటినే నేను "నిలిచినవి" అని రాస్తాను.

ఆ పూల కాలంలో ఇంకో మేలు ఉంది. తంగేడు, గునుగు కోసం చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లు వస్తారు, మేకల కాపరులు ఎలాగూ ఉంటారు. వాళ్లను అడగండి. పోయిన ఏడు గునుగు ఎక్కడ విరగబూసింది, ఈ ఏడు ఎక్కడ లేదు అన్నది వాళ్లు చెప్పినంత కచ్చితంగా ఏ రికార్డూ చెప్పదు. గునుగు ఎండ కావాలనే మొక్క, తవ్విపోసిన నేలంటే దానికి ఇష్టం. ఒక మడిలో, అంటే ఏటేటా లెక్కపెట్టడానికి గుర్తుపెట్టిన చదరంలో, గునుగు తగ్గుతూ, చెట్ల నీడలో సుగంధిపాల, తిప్పతీగ కనిపించడం మొదలైతే అక్కడ నేల చల్లబడిందని నాకు నమ్మకం కుదురుతుంది. మొదటిసారి డంపు మీద సుగంధిపాల వేరు కొద్దిగా గోకి వాసన చూసిన రోజు ఇప్పటికీ గుర్తుంది. ఏడేళ్ల తోట అది. దాని కోసమే నాలుగు ఏళ్లు ఎదురుచూశాను.

ఇక మడుల సంగతి. చెట్లకు 10 మీటర్ల చదరం, దాని లోపల పొదలకు 5 మీటర్లది, గడ్డీ గాదానికి 1 మీటరువి నాలుగు. డంపు పైభాగం, బెంచీలు, వాలు, అడుగు అన్నీ వేర్వేరుగా చూడండి. వాలులో కూడా పడమర, దక్షిణం ముఖాలు ఎండకు మాడిపోతాయి, ఉత్తరం ముఖం కాస్త నయం. అన్ని రకాల చోట్లా కలిపి 20 మడులైనా లేకపోతే లెక్క నిలబడదు. మడులు ఎక్కడ పెట్టాలో మ్యాపు మీద చీటీలు వేసి నిర్ణయించండి. డంపు ఎక్కాక ఎంచుకుంటే తెలియకుండానే కాళ్లు నీడ వైపు పోతాయి, మడులన్నీ పచ్చని చోటే పడతాయి.

మూలల్లో ఇనుప చువ్వలు పాతకండి, మరుసటి ఏడు దాకా ఉండవు. హద్దు రాళ్లు పాతి సున్నం పూయండి. ఫోన్ జీపీఎస్ మూడు నుంచి ఐదు మీటర్లు, చెట్ల కింద ఇంకా ఎక్కువ తప్పుతుంది. 10 మీటర్ల మడికి అది సగం మడి తప్పినట్టు. కాబట్టి ప్రతి మడికీ ఒక మూల రాయి మీద నిలబడి, అదే దిక్కుకు, అదే ఎత్తు నుంచి ఫోటో తీయండి. పదేళ్ల తర్వాత మీ అంకెలను ఎవరైనా అనుమానిస్తే ఆ ఫోటోలే మాట్లాడతాయి.

చెట్ల చుట్టుకొలత నేల నుంచి 1.37 మీటర్ల ఎత్తులో కొలవాలని మీకు తెలిసే ఉంటుంది. వాలు మీద ఎగువ వైపు నిలబడి కొలవాలి. మిగతా కొలతలు మీ సారు నేర్పుతారు, వాటి మీద ఎక్కువ రాయను.

బతికిన శాతం అంకెను నమ్మేముందు ఒకటి అడగండి: చచ్చిన చోట మళ్లీ ఎన్ని నాటారు? ఒక తోటలో నాటింది వెయ్యి, ఇప్పుడున్నది తొమ్మిది వందలు, అంటే 90 శాతం బతికినట్టు రాశారు. లోపలికి వెళ్లి కాండాలు కొలిస్తే మూడు వయసుల మొక్కలు తేలాయి. ప్రతి వానాకాలం ఖాళీలు పూడ్చుకుంటూ వచ్చారు. అది తప్పు పని కాదు, చేయాల్సిందే. కాకపోతే ఆ సంఖ్య రాయకపోతే ఏ జాతి ఆ రాతిలో నిలవలేదో ఎప్పటికీ తెలియదు. నర్సరీ రిజిస్టరులో ఏ ఏడు ఏ జాతివి ఎన్ని వెళ్లాయో చూస్తే ఆ లెక్క దొరుకుతుంది.

శాటిలైట్ దగ్గరికి వస్తాను. వద్దనడం లేదు, నేనూ వాడతాను. సెంటినెల్-2 బొమ్మలు ఉచితం, 10 మీటర్ల వివరంతో, ఐదు రోజులకోసారి దొరుకుతాయి. 2015కు ముందు కాలానికి ల్యాండ్‌శాట్ ఉంది, వివరం 30 మీటర్లు. ఎన్‌డీవీఐ అంటే ఆకు వెనక్కి కొట్టే, కంటికి కనపడని నియర్ ఇన్‌ఫ్రారెడ్ కాంతిలోంచి ఎరుపు కాంతిని తీసేసి, రెండింటి మొత్తంతో భాగించడం. పచ్చటి ఆకు ఎరుపును మింగేస్తుంది, నియర్ ఇన్‌ఫ్రారెడ్‌ను తిప్పికొడుతుంది. దాంతో అంకె పెరుగుతుంది. ఆ ఆకు వేపదో, సర్కారు తుమ్మదో, వయ్యారిభామదో ఆ అంకెకు తెలియదు.

మన ప్రాంతంలో ఇంకో పెద్ద చిక్కు ఉంది. చాలామంది ఎండాకాలం బొమ్మ తీసుకుని, "ఏప్రిల్‌లో కూడా పచ్చగా ఉంది, అంటే బలమైన అడవి" అని రాస్తారు. మన అడవి ఆకురాల్చే అడవి. టేకు, ఏగిస, తునికి, నల్లమద్ది ఎండాకాలానికి ఆకు రాలుస్తాయి. మోదుగ ఆకు లేకుండా పూలతో ఎర్రబడుతుంది. ఏప్రిల్‌లో అసలు అడవి ఎండినట్టు కనిపిస్తుంది, నీలగిరి, సర్కారు తుమ్మ, ఆస్ట్రేలియా తుమ్మ తోట పచ్చగా కనిపిస్తుంది. అంటే డంపు అడవిగా మారుతున్న కొద్దీ ఏప్రిల్ అంకె తగ్గడం మంచి వార్త కావచ్చు! కాబట్టి ఒక్క తేదీ బొమ్మ తీసుకోకండి. ఏడాది మొత్తానికి గీత గీయండి. గనికి పది పదిహేను కిలోమీటర్ల లోపు, ఒకే రకం నేల మీద, పెద్దగా నరుకుడు లేని సహజ అడవి ముక్క ఒకటి ఎంచుకుని దాని గీత కూడా గీయండి. రెండు గీతల ఆకారం ఏటేటా దగ్గరవుతోందా అని చూడండి. జూలై, ఆగస్టుల్లో మబ్బులు, బొమ్మ దొరకడం కష్టం. అక్టోబరు చివరి నుంచి హాయిగా దొరుకుతాయి.

ఆ అడవి ముక్క మీకు ఇంకోలా కూడా పనికొస్తుంది. అందులోనూ మడులు వేసి జాతుల జాబితా రాయండి. తర్వాత రెండు చోట్ల జాతులు ఎంత కలుస్తాయో చెప్పే సోరెన్సన్ సూచిక చాలు, పెద్ద స్టాటిస్టిక్స్ టెన్షన్ వద్దు. అడవిలో 40 జాతులు, డంపు మీద 20, రెండింట్లోనూ ఉన్నవి 12 అనుకోండి. 12ను రెట్టింపు చేసి, 40, 20 కలిపిన 60తో భాగిస్తే 0.4. మళ్లీ ఏడు అది 0.45 అయిందా, 0.35 అయిందా అన్నది చూస్తారు. జాతుల వైవిధ్యం కొలిచే షానన్ సూచిక అందరూ వేస్తారు, మీరూ వేయండి. అయితే అది పైకి పోయినంత మాత్రాన సంబరం వద్దు. లంటానా, వయ్యారిభామ, ఇంకో నాలుగు పిచ్చి మొక్కలు వచ్చినా అది పెరుగుతుంది.

మట్టి పరీక్షలో ఒక జాగ్రత్త, ఇది ఎవరూ చెప్పరు కాబట్టి గట్టిగా చెప్తున్నాను. డంపు మట్టిలో బొగ్గు పొడి, నల్లటి షేలు ముక్కలు ఉంటాయి. ల్యాబులో ఆర్గానిక్ కార్బన్ తీసే మామూలు పద్ధతి ఆకు కుళ్లి వచ్చిన కార్బన్‌కూ, బొగ్గులోని కార్బన్‌కూ తేడా పూర్తిగా పట్టుకోలేదు. ఒకసారి మొక్క కూడా లేని కొత్త డంపు మట్టికి పొలం మట్టికంటే ఎక్కువ కార్బన్ వచ్చింది. నేను ముందు నమ్మేసి, ఒక మీటింగులో గొప్పగా చెప్పి, తర్వాత జల్లెడ పట్టి చూస్తే నల్లటి రవ్వలు తేలాయి. తల వంచుకుని ఆ అంకె వెనక్కి తీసుకున్నాను. అదే డంపులో మొక్కలు నాటని చోటు నుంచి కూడా నమూనా తీయండి. తేడా మాత్రమే రాయండి. పీహెచ్ చూడండి, కానీ గని మట్టి అంటే ఆమ్లమే అని ముందే అనుకోవద్దు. మన గోండ్వానా బొగ్గులో గంధకం తక్కువ, ఈశాన్య రాష్ట్రాల బొగ్గులా కాదు. చేతిలో డబ్బు లేకపోతే పరీక్షలు తగ్గించుకుని, నేల మీద రాలిన ఆకు ఎంత మందం ఉంది, కింద పొర తేమగా కుళ్లుతోందా, చెదపుట్టలు లేచాయా, వానపాము మట్టి కుప్పలు ఉన్నాయా అని వంగి చూడండి. ఇది పైసా ఖర్చు లేని పని.

వాన సంగతి మర్చిపోవద్దు. 2023 జూలై చివర్లో మోరంచవాగు పొంగి మోరంచపల్లి మునిగిన వానలు మీకు గుర్తుండే ఉంటాయి. అప్పుడే ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్లు పడింది. ఆ ఏడు ఒక డంపు వాలు మీద నా మడులు రెండు కోసుకుపోయాయి, మనిషి లోతు గండ్లు పడ్డాయి. అదే వానతో ఆ డంపు అడుగున చేరిన మెత్తటి మట్టిలో మరుసటి ఏడు రెల్లు, నెమలినార మొలకలు విపరీతంగా వచ్చాయి. పైన నష్టం, కింద లాభం. ఆ ఏడు వర్షం ఎంతో, ఎన్ని రోజులు విడవకుండా పడిందో పక్కన రాసుకోకపోతే మీ అంకెలకు అర్థం తెలియదు. మండలాల వారీ లెక్కలు ప్రభుత్వం ఇస్తుంది, తీసుకోండి. గండ్ల పొడవు, లోతు కూడా కొలవండి. డంపు మొత్తం వాలు 28 డిగ్రీలు మించకూడదని పర్యావరణ అనుమతుల్లో తరచూ ఒక షరతు ఉంటుంది. నిటారుగా వదిలేసిన చోట గడ్డి కూడా పట్టదని గండ్లు చూస్తేనే అర్థమవుతుంది.

మీరు అడగలేదు గానీ, ప్రాజెక్టు రెండేళ్లే కదా, ఏటేటా మార్పు ఎలా చూపాలన్న సందేహం వస్తుంది. 2, 6, 10, 15 ఏళ్ల డంపులు పక్కపక్కన పెట్టి చూడటం ఒక దారి. కాకపోతే పాతవాటి మీద నీలగిరి, సుబాబుల్ పెట్టి ఉంటారు, కొత్తవాటి మీద కానుగ, నేరేడు, వెదురు కలిపి పెట్టి ఉంటారు. పైమట్టి పరిచారా, అది ఎన్నేళ్లు కుప్పగా పడి ఉందో కూడా తేడా చేస్తుంది. అడవి నుంచి తీసిన పైమట్టిని తాజాగా పరిస్తే దాంతోపాటు విత్తనాలూ వేర్లూ వస్తాయి. వేరు నుంచి పిలకలు వేసే తునికి అలా డంపు మీద కనిపించినప్పుడు, అది ఎక్కడి నుంచి వచ్చిందో అడిగి రాయండి. ఏళ్లతరబడి కుప్ప పోసిన మట్టిలో ఆ ప్రాణం చాలావరకు పోతుంది. వయసు ఒక్కటే తేడా అని రాస్తే వైవాలో నిలబడలేరు.

ఈ కొలతలు ఎవరికి కావాలి అని కొందరు అంటుంటారు. బొగ్గు మంత్రిత్వ శాఖ 2009లో గనుల మూసివేతకు మార్గదర్శకాలు తెచ్చింది. ఓపెన్‌కాస్టుకు హెక్టారుకు 6 లక్షల రూపాయలు, అప్పటి ధరల్లో, ఎస్క్రో ఖాతాలో (షరతు తీరితేనే డబ్బు బయటికి వచ్చే ఖాతా) వేయాలన్నారు. పనులు చేసిన కొద్దీ ఆ డబ్బులో కొంత వెనక్కి వస్తుంది. 2020 జనవరి 8న సుప్రీంకోర్టు గనులు తవ్విన నేల మీద మళ్లీ గడ్డి పెంచి, పశువుల మేతకు, మొక్కలకు, జంతువులకు పనికొచ్చేలా చేయాలని చెప్పింది. మేత అన్న మాట గమనించండి. గని వల్ల మేత బీడు పోయిన ఊరికి మొదట కావాల్సింది అదే. కాబట్టి మీ ఫారంలో గడ్డి జాతులకూ, వాటిలో పశువులు తినేవెన్ని అన్నదానికీ ఒక ఖానా పెట్టండి. చాలా రిపోర్టుల్లో అది ఉండదు.

చివరిగా భద్రత. గని మేనేజరు రాతపూర్వక అనుమతి లేకుండా, గని మనిషి తోడు లేకుండా డంపు ఎక్కవద్దు. మీ డిపార్ట్‌మెంట్ లెటరు పట్టుకుని పర్యావరణ విభాగంలో కలవండి, పేలుళ్ల వేళలు వాళ్లే చెబుతారు. వాన పడ్డ రెండు మూడు రోజులు అంచులకు పోవద్దు, మీద గడ్డి ఉన్నా కింద గుల్లగా ఉంటుంది. పొగ గానీ, నేలలోంచి వేడి గానీ కనిపించిన చోట కాలు పెట్టవద్దు, అడుగున బొగ్గు రాజుకుంటూ ఉండవచ్చు. హెల్మెట్, బూట్లు, మనిషికి మూడు లీటర్ల నీళ్లు. ఒంటరిగా మాత్రం వద్దు.

రాళ్లు వానలు తగ్గే లోపే పాతండి, మట్టి మెత్తగా ఉండగా సులువు. మొదటి సర్వేలో సగం మొక్కలు గుర్తుపట్టలేరు, అందరికీ అంతే. అలాంటివాటి ఫోటోలు ఇక్కడే పెట్టండి, ఆకు ముందువైపు, వెనకవైపు, పువ్వో కాయో ఉంటే అది, పక్కన ఒక స్కేలు. మేకల కాపరి ఏ పేరు చెప్పాడో అది కూడా రాయండి. సాయంత్రాలు చూసి చెప్తాను.